కడిగిన కారుకు జబ్బు కనపడదు

విదేశయాత్రలు రాసేవాళ్లు ముందుగా విమానం గురించి రాస్తారు. మా విమానం దారిలో ఎక్కడా ఆగలేదు, దిగి తొయ్యమని ఎవరూ మమ్మల్ని అడగలేదు. అందుచేత దాని గురించి రాయడానికి ఏమీ లేదు. ఈ కథనమంతా కువైట్‌లో నేను తిరిగిన కారు గురించి. అది చాలా చోట్ల ఆగింది. ఆగిన ప్రతి చోటా దిగి నాలుగు దిక్కులూ చూశాను. ఒక దేశాన్ని చూడడానికి ఇంతకంటే మంచి పద్ధతి లేదని ఇప్పుడు నా అభిప్రాయం.

నేను బస్సు డిపోలో స్టోర్సు గుమాస్తాగా ముప్ఫై ఏళ్లు పనిచేసి పోయిన ఏడాది రిటైరయ్యాను. మా ఆవిడ తమ్ముడు శ్రీను అమలాపురం మనిషి, కువైట్‌లో ఒక నిర్మాణ కంపెనీలో సైటు ఇంజనీరు. "కొత్త కారు కొన్నానండి బావగారూ, రండి, దేశమంతా తిప్పేత్తాను" అని ఫోన్లో ఊదరగొట్టాడు. దేశం చిన్నది. కారూ చిన్నదే. రెండు వారాలు సరిపోతాయనుకున్నాను. మోకాళ్ల నొప్పి వల్ల మా ఆవిడ రాలేదు. తర్వాత జరిగినవి విని, నొప్పికి ఒక్కోసారి ముందుచూపు ఉంటుందంది.

ఫర్వానియా: ఎనిమిది నెలల పసిబిడ్డ

శ్రీను ఇల్లు ఫర్వానియాలో, విమానాశ్రయానికి పది నిమిషాల దూరం. కారు తెల్లగా, మల్లెపువ్వులా ఉంది. కొని ఎనిమిది నెలలైనా సీట్ల మీద ప్లాస్టిక్ తొడుగు అలాగే ఉంది. ముందు నిమ్మకాయ, మిరపకాయలు వేలాడుతున్నాయి. సెప్టెంబరు నెల, సాయంత్రం ఐదింటికి నలభై నాలుగు డిగ్రీలు. ఆ ప్లాస్టిక్ మీద కూర్చుంటే మనిషికీ కారుకూ విడదీయరాని బంధం ఏర్పడుతుంది. దిగేటప్పుడు చప్పుడవుతుంది కూడా.

ఫర్వానియాలో మనకు పరాయి దేశం అనిపించడానికి కొంత ప్రయత్నం చెయ్యాలి. కొట్లో గోంగూర, కరివేపాకు, మునక్కాయలు. బేరమాడే గొంతుల్లో కడప, కోనసీమ, కరీంనగర్. తేడా అంతా పెట్రోలు బంకులోనే. లీటరు ఎనభై అయిదు ఫిల్సులట, మన పాతిక రూపాయలకు లోపే. ట్యాంకు నింపుతుంటే ఇంట్లో నీళ్లు పట్టినంత నిర్లక్ష్యంగా చూస్తున్నారు. మా డిపోలో డీజిల్ చుక్క కింద పడితే మెమో ఇచ్చేవారు. నేను తల తిప్పుకున్నాను.

ఇల్లు చేరాక, శ్రీను భార్య ఉష పెట్టిన జుబైదీ చేపల పులుసు తింటూ అడిగాను. జుబైదీ అంటే మన చందువా చేపే. గోదావరి పులుసులో పడ్డాక అరబ్బీ మరిచిపోయింది.

"బండి బాగుందోయ్. ఎలా నడుస్తోంది?"

శ్రీను ఉష వైపు చూశాడు. ఉష చేపల వైపు చూసింది.

"చిన్న సమస్యండి బావగారూ."

"ఏమాత్రం చిన్నది?"

"ఆగిపోద్దండి."

ఎండలో ఏసీ వేసుకుని ఓ అరగంట నడిచాక, వంతెన ఎక్కేటప్పుడు రెండు కుదుపులిచ్చి ఆగిపోతుందట. పది నిమిషాలు వదిలేస్తే ఏమీ ఎరగనట్టు మళ్లీ బయలుదేరుతుందట. మూడుసార్లు ఏజెన్సీ వాళ్ల సర్వీసు సెంటరుకు తీసుకెళ్లాడు. మూడుసార్లూ 'లోపమేమీ కనపడలేదు' అని రాసిచ్చారు.

"మూడోసారి ఇంకో ముక్క కూడా రాశారు చూడండి అన్నయ్యగారూ," అంది ఉష. "నడిపేవారి అలవాట్లు సరిచూసుకోవలెను అని."

పదిహేనేళ్లుగా ఆ రోడ్ల మీద బండి తోలుతున్నవాడు శ్రీను. ఆ కాగితాన్ని మడిచి పర్సులో దేవుడి బొమ్మ పక్కన దాచుకున్నాడు.

"మీ ఒక్కరికే వచ్చింది, ఇంకెవరూ చెప్పలేదు అంటున్నారండి. అదే వారం ఓబులేసుక్కూడా అదే మాటన్నారంట."

ఓబులేసు ఎవరని అడిగాను. ఉష ఈసారి చేపల వైపు కూడా చూడకుండా లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

అర్దియా: గేటుకు ఇవతల

ఓబులేసును మర్నాడు, శుక్రవారం, చూశాను. రాయచోటి దగ్గరి మనిషి, ఒక కంపెనీ గోడౌన్‌లో సూపర్‌వైజరు. శ్రీను మాట నమ్మి అదే కారు, అదే రంగు, సీట్ల మీద అదే ప్లాస్టిక్ తొడుగుతో కొన్నాడు. అతని భార్య రమణమ్మ అర్దియాలో ఒక కువైటీ ఇంట్లో పనిచేస్తుంది. ఆమెకు వారానికి ఒక్క పూట సెలవు, శుక్రవారం మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా. ఓబులేసు కారు కొన్నదే ఆ పూట కోసం. భార్యను ఎక్కించుకుని సముద్రం ఒడ్డుకో, చుట్టాల ఇంటికో తీసుకెళ్లి వేళకు దింపేవాడు.

రెండు నెలల కిందట ఆ కారు వంతెన మీద ఆగింది. ఆ రోజు పది నిమిషాలకు లేవలేదు, గంటన్నర పట్టింది. రమణమ్మ ఇల్లు చేరేసరికి యజమానురాలు గేటు దగ్గర నిలబడి ఉంది. ఆవిణ్ణి పనివాళ్లంతా మామా అంటారు, అమ్మా అని. మన మేనమామలతో చుట్టరికమేమీ లేదు. మామా రమణమ్మను ఒక్క మాట అనలేదు. కారును అంది. బాగైందని ఏజెన్సీ కాగితం తెస్తే తప్ప తన ఇంటి మనిషి ఆ బండి ఎక్కడానికి వీల్లేదని తేల్చేసింది. అప్పటి నుంచి ఆ మొగుడూ పెళ్లాల శుక్రవారం గేటు దగ్గర పదిహేను నిమిషాలు.

మేం వెళ్లేసరికి రమణమ్మ చేతిలో డబ్బాతో సిద్ధంగా ఉంది.

"ఊరిబిండి నూరినా. సంగట్లోకి బాగుంటాది," అని పచ్చడి డబ్బా గేటు ఊచల సందులోంచి అందించింది. "ఏమయ్యా, కాగితం?"

"రాల్యా."

"ఎప్పుడొస్తాదంట?"

"బుక్రా అన్నారు."

బుక్రా అంటే రేపు. మన ఆఫీసుల రేపుకూ ఆ బుక్రాకూ మధ్య ఒక సముద్రం ఉందన్నమాటే గానీ తేడా లేదు.

"నీ బుక్రా తగలెయ్య," అంది రమణమ్మ. "కారు లేనప్పుడే మేలు. బస్సులో పోయొస్తాంటిమి. కారు కొనుక్కున్న్యాక యాడికీ పోకుండా అయినామే! ఇట్టాంటి వయిబోగం యాడన్నా ఉండాదా సారూ?"

ఆఖరి ప్రశ్న నాకు. నేను బస్సుల పక్షం మనిషిని కాబట్టి జవాబు చెప్పడం న్యాయం కాదనిపించింది.

అయితే బస్సులోనే వెళ్లొచ్చు కదా అన్నాను. రమణమ్మ నవ్వింది. రోడ్డు మీద ఆగిపోయిన ఆ రాత్రి నుంచి మామాకు బయటి చక్రం ఏదీ నచ్చడం లేదట. ఇంతలో ఆవిడే గుమ్మంలోకి వచ్చి మా రెండు కార్లనూ ఎగాదిగా చూసింది.

"సయ్యారా జేన్?" కారు బాగుందా అని.

ఓబులేసు తల దించుకున్నాడు. అతనిది అబద్ధమాడే ముఖం కాదు. ఆవిడ తల అడ్డంగా ఊపి లోపలికి వెళ్లింది. నాకెందుకో అది కోపంలా కనపడలేదు. పెళ్లికెదిగిన కూతురికి వచ్చిన సంబంధాన్ని చూసినట్టు చూసింది కారును.

మహబూలా దారిలో: ఇద్దరూ ఇద్దరే

అక్కడి నుంచి ఓబులేసు గదికి, మహబూలాకు భోజనానికి బయలుదేరాం. ముందు ఓబులేసు, డిక్కీలో ఆరుగురికి నెలకు సరిపడా బియ్యంతో. వెనక మా కారులో శ్రీను, ఉష, నేను. ఫహాహీల్ రోడ్డు మీద వంతెన ఎక్కుతుండగా మా కారు ఒకసారి ఎక్కిళ్లు పెట్టింది. ఇంకోసారి పెట్టింది. ఆగింది.

"చూశారాండీ?" అన్నాడు శ్రీను, ఆ మాటలో దాదాపు గర్వం ఉంది.

ముందుకు చూస్తే అర కిలోమీటరు అవతల ఇంకో తెల్ల కారు కూడా పక్కకు ఆగి లైట్లు ఆర్పి వెలిగిస్తోంది. రెండూ ఒకే తల్లి బిడ్డలని తెలుస్తూనే ఉంది.

ఒక పఠాన్ టాక్సీవాలా ఆపి నీళ్ల సీసాలు ఇచ్చాడు. డబ్బులిస్తే చెయ్యి అడ్డం పెట్టాడు. ఈ రకం కార్లు ఇంకో రెండు ఇదే వంతెన మీద చూశానని ఉర్దూలో చెప్పి, "కాసేపు పడుకోబెట్టండి భాయ్, అదే లేస్తుంది," అన్నాడు. పది నిమిషాలకు లేచింది.

మహబూలాలో సముద్రం ఉంది. ఓబులేసు కిటికీలోంచి కనపడదు, వాసన వస్తుంది. గదికి ముగ్గురు చొప్పున రెండు గదులు. వేడి సంగటి, కోడికూర, రమణమ్మ ఊరిబిండి. నా కళ్లలో నీళ్లు కారానికని అందరూ మర్యాదగా అనుకున్నారు. నిజంగానే కారానికి.

"ఇంగ ఒక్కసారి సూపిచ్చేసొస్తా అన్నా," అన్నాడు ఓబులేసు శ్రీనుతో. "సోమారం టోకెన్ తీసుకున్న్యా. ఈసారీ ఏం లేదంటే ఇంగ రావద్దు, ఖలాస్ అని చెప్పినారు."

సర్వీసు సెంటరు: మంగళస్నానం

ఆదివారం సాయంత్రం ఓబులేసు కారుకు జరిగిన సేవలు నేను కళ్లారా చూశాను. ఇప్పుడు సిగ్గుపడుతూ ఒప్పుకుంటున్నాను, నేనూ ఒక చెయ్యి వేశాను.

ముందు డిక్కీలోని బియ్యం, నీళ్ల క్యాన్లు, గ్రైండరు అన్నీ గదిలోకి మోశాం. షాంపూతో కడిగాం. చక్రాల సందుల్లో పాత టూత్‌బ్రష్ పెట్టి తోమాడు శ్రీను. అద్దాలు నేను తుడిచాను. ట్యాంకు అంచు దాకా పెట్రోలు పోయించారు. రాత్రంతా నీడలో పెట్టి, పైన దుప్పటి కప్పి, పొద్దున్నే చల్లటి వేళ, ఏసీ వెయ్యకుండా, ఓబులేసు ఒక్కడే మెల్లగా తోలుకెళ్లాడు. మేం వెనక బస్సులో వెళ్లాం, దానికి బరువెందుకని.

"ఇంత ఎందుకోయ్?" అని నేను అడిగితే శ్రీను నన్ను జాలిగా చూశాడు. "పెద్దోళ్లు చూసే బండండి. మురికి బండి పట్టుకెళ్తే మన గురించి ఏవనుకుంటారండి?"

సర్వీసు సెంటరు అర్దియా ఇండస్ట్రియల్ ఏరియాలో ఉంది. మన పెళ్లిమండపాల కంటే శుభ్రంగా ఉంటుంది. టోకెను, సోఫా, టీ. సలహాదారు పేరు బిజు, కేరళ మనిషి, మెడలో టై. హిందీలో మాట్లాడాడు. కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి మెరుపుకు ముచ్చటపడ్డాడు. ఒంటరిగా ఎక్కి పావుగంట తిరిగొచ్చాడు.

"ఫస్ట్ క్లాస్," అన్నాడు. "ఇంత బాగా చూసుకునే ఓనర్లు మాకు తక్కువ."

రాసిచ్చాడు: లోపమేమీ కనపడలేదు.

ఓబులేసు ఆ కాగితాన్ని చాలాసేపు పట్టుకుని నిలబడ్డాడు. బాగైందని రాసిన కాగితమూ, బాగాలేదని రాసిన కాగితమూ దొరుకుతాయి; ఏమీ కాలేదన్న కాగితంతో మామా దగ్గరికి ఏ ముఖం పెట్టుకుని వెళ్లాలో ఎవరూ చెప్పలేదు.

అదే కారులో తిరిగి వస్తుంటే మా డిపో మెకానిక్ మస్తాన్ గుర్తొచ్చాడు. కొత్తగా చేరిన డ్రైవరు ఒకడు బస్సును కడిగించి, పసుపు రాసి షెడ్డుకు తెచ్చి, "గేరు పట్టడం లేదు" అన్నాడు. మస్తాన్ బీడీ తీసి, "మళ్లీ రూటుకు పో. ఎనభై మందిని ఎక్కించుకుని, వాళ్లు తిడుతుండగా తోలుకురా. రోగం రోడ్డు మీద ఉంటది, షెడ్డులో ఉండదు," అన్నాడు. ఈ మాట ముప్ఫై ఏళ్లు నా టేబులుకు పది అడుగుల దూరంలో రోజూ వినపడేది. అద్దాలు తుడిచేటప్పుడు మాత్రం వినపడలేదు.

"ఓబులేసూ, డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు రోగికి తలంటి పోసి, కడుపునిండా పెట్టి, నిద్రపుచ్చితే జ్వరం ఎలా తెలుస్తుందయ్యా?"

శ్రీను తన చేతివేళ్లు చూసుకున్నాడు.

"మూడుసార్లు, బావగారూ!" అన్నాడు శ్రీను చివరికి. "మూడుసార్లూ టూత్‌బ్రష్షెట్టి తోమానండి!"

శనివారం: పులిహోర పరీక్ష

శనివారం దాకా ఓబులేసు కారును ఎవరూ కడగలేదు, తుడవలేదు. దుమ్ము పట్టింది. ఒక పిల్లి పైన పడుకుని ముద్రలు వేసింది. డిక్కీలోకి బియ్యం, క్యాన్లు, గ్రైండరు తిరిగి చేరాయి. వారమంతా డ్యూటీకి తిరిగి పెట్రోలు ముల్లు అడుక్కు దిగింది. మధ్యాహ్నం ఒంటిగంటకు, నలభై అయిదు డిగ్రీల్లో, ఓబులేసు, శ్రీను, ఉష, నేను ఏసీ ఆఖరి మెట్టు దాకా పెట్టి బయలుదేరాం. ఉష ఒడిలో పులిహోర గిన్నె. దారిలో కారు కుదిపినప్పుడల్లా ఓబులేసు దాన్ని బతిమాలాడు: "ఇప్పుడే వద్దు తల్లీ, ఇప్పుడే వద్దు. ఆయప్ప ఎక్కనీ."

సర్వీసు సెంటరు ముందు ఇంజను ఆపకుండా నిలబెట్టాం. బిజు బయటికొచ్చి ఆ కారును గుర్తుపట్టడానికి కొంత సమయం తీసుకున్నాడు.

"తాళం ఇచ్చి టోకెన్ తీసుకోండి."

"తాళం తియ్యం. మీరే ఎక్కండి," అన్నాడు శ్రీను.

"అలా పద్ధతి లేదు సార్. భోజనం టైం కూడా."

అప్పుడు ఉష కిటికీ అద్దం దించి గిన్నె మూత తీసింది. "భోజనం ఇక్కడుంది భయ్యా. ఏసీ కూడా ఉంది."

ఇంగువ పోపుకు ఎదురు చెప్పిన దక్షిణాది మనిషిని నేనింకా చూడలేదు. బిజు ముందు సీట్లో కూర్చున్నాడు. వెనక ముగ్గురం సర్దుకున్నాం. ఆయన చేతికి ప్లేటు, స్పూను అందాయి.

మొదటి వంతెన. కారు పక్షిలా ఎక్కింది. బిజు చిరునవ్వు నవ్వాడు. రెండో వంతెన. అంతకంటే హాయిగా ఎక్కింది. ఒక వాహనం బాగా నడుస్తున్నందుకు నా గుండె జారిపోవడం జీవితంలో అదే మొదలు. అద్దంలో ఓబులేసు పెదవులు కదులుతున్నాయి. ఏ దేవుడికి మొక్కుతున్నాడో తెలియదు గానీ, బండి ఆగిపోవాలన్న మొక్కు ఆ దేవుడికీ కొత్తే అయ్యుంటుంది.

"మనుషులకు ఒక్కోసారి అనుమానం అలవాటైపోతుంది," అన్నాడు బిజు, వేరుశనగ గింజ నములుతూ. "పులిహోర మాత్రం చాలా..."

మూడో వంతెన సగంలో కారు ఎక్కిళ్లు పెట్టింది.

స్పూను గాల్లో ఆగింది. ఇంకో ఎక్కిలి. పులిహోర టై మీద పడింది. ఓబులేసు జాగ్రత్తగా పక్కకు లాగాడు, కారు నిట్టూర్చి ఆగిపోయింది. ఏసీ ఆగింది.

"ఆగిందండీ!" అని అరిచింది ఉష.

ఆ తర్వాత ఆ కారులో జరిగింది మా ఊళ్లో కబడ్డీ గెలిచిన రోజు కూడా జరగలేదు. శ్రీను నన్ను కౌగిలించుకున్నాడు. నేను ప్లాస్టిక్ సీటుకు అతుక్కుపోయి ఉన్నందువల్ల లేవలేకపోయాను గానీ చప్పట్లు కొట్టాను. ఓబులేసు స్టీరింగుకు దణ్ణం పెట్టాడు. పక్కన వెళుతున్న లారీవాడు, కారు చెడిపోయి ఇంత ఆనందిస్తున్న కుటుంబాన్ని తల వెనక్కి తిప్పి మరీ చూశాడు.

బిజు దిగి ఎండలో నిలబడ్డాడు. టై వదులు చేసుకున్నాడు. చొక్కా తడిసింది. వంతెన మీద పది నిమిషాలు ఎంత పొడుగో ఆయనకు మొదటిసారి తెలిసింది.

"రోజూ ఇలాగేనా?" అన్నాడు, ఈసారి మామూలు గొంతుతో.

"నడిపేవారి అలవాట్లండి," అన్నాడు శ్రీను, పర్సులోంచి ఆ పాత కాగితం తీసి చూపిస్తూ.

బిజు నవ్వేశాడు. ఆ మాటకొస్తే మంచివాడే. అక్కడి నుంచే ఫోన్ చేసి, వచ్చిన మెకానిక్‌తో ఆ వేడి మీదే పరీక్ష చేయించాడు. ట్యాంకులో ఉండే పెట్రోలు పంపు, వేడెక్కితే చేతులెత్తేస్తోందట. ట్యాంకు నిండా పెట్రోలుంటే ఆ చల్లదనానికి బాగానే పనిచేస్తుందట. అంచు దాకా నింపి తీసుకెళ్లిన పుణ్యాత్ములం మేం ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. బుధవారానికి రెండు కార్లకూ కొత్త పంపులు వేశారు. మాకు కాగితం ఇచ్చారు. శ్రీను పట్టుబట్టి తన పాత కాగితం మీది అలవాట్ల వాక్యాన్ని కొట్టేయించి, పక్కన సంతకం పెట్టించాడు.

మళ్లీ అర్దియా: పెళ్లిచూపులు

నా తిరుగు ప్రయాణానికి ముందురోజు శుక్రవారం. గేటు దగ్గర మామా ఆ కాగితాన్ని ముద్రతో సహా రెండుసార్లు చదివింది. తర్వాత లోపలికి కేకేసింది. ఆవిడ అక్కగారు వచ్చింది. ఇద్దరూ నిండైన మనుషులు. కాగితం మీద వాళ్లకెంత నమ్మకముందో నాకప్పుడు అర్థమైంది: ఇద్దరూ వెళ్లి కారు వెనక సీట్లో కూర్చున్నారు, మధ్యలో రమణమ్మను కూర్చోబెట్టారు.

"యల్లా," అంది మామా ఓబులేసుతో, పోనియ్యమని.

ఆవిడ మస్తాన్ డిపోలో పనిచేసి ఉంటే ఫోర్‌మన్ అయ్యేది.

శ్రీను, నేను గోడ నీడలో నిలబడ్డాం. పావుగంట అయింది. అరగంట అయింది.

"వంతెనెక్కారంటారా బావగారూ?"

"ఎక్కే ఉంటారు."

"దిగారంటారా?"

నేను వాచీ చూసుకున్నాను. నలభయ్యో నిమిషాన వీధి మలుపులో తెల్ల కారు కనపడింది, దాని కాళ్ల మీద అదే నడుస్తూ. మామా దిగింది. ఒళ్లంతా కప్పే నల్లటి అబాయా సర్దుకుని, బానెట్ మీద అరచేత్తో రెండు దెబ్బలు వేసింది, పశువుల సంతలో ఎద్దు వీపు మీద వేసినట్టు.

"జేన్," అంది. రమణమ్మతో వేలు చూపిస్తూ ఇంకేదో అంది. వేళకు ఇంటికి రమ్మని ఏ తల్లి చెప్పినా వేలు అలాగే ఉంటుంది.

దుమ్ములో ఆవిడ అరచేయి అచ్చు పడింది. ఓబులేసు అలవాటు కొద్దీ జేబులోంచి గుడ్డ తీశాడు.

"ఏమయ్యా, ఆ గుడ్డ లోపల పెట్టు!" అంది రమణమ్మ, ముందు సీట్లోకి మారి తలుపు వేసుకుంటూ. "ఇంగ దీన్ని తుడవాకు, కడగాకు. నీ సేవలకే అది రెండు నెల్లు నన్ను గేటు కాడ నిలబెట్నాది. ఎక్కు, సముద్రం కాడికి పోదాం."

ఓబులేసు గుడ్డ జేబులో పెట్టుకుని ఎక్కాడు. బానెట్ మీద మామా చేతి అచ్చుతో ఆ కారు వీధి చివర తిరిగి, ఎదురుగా ఉన్న వంతెన ఎక్కింది. మేం కనుచూపు మేర చూస్తూ నిలబడ్డాం.

అది ఎక్కడా ఆగలేదు. అందుచేత దాని గురించి ఇక రాయడానికి ఏమీ లేదు.